కుక్కకు ఓడని బట్ట

మా ఇంటికి వచ్చిన మొదటి సోఫా మీగడ రంగుది. ఆర్మూరులో, అదీ పసుపు వ్యాపారం చేసే ఇంట్లో, మీగడ రంగు సోఫా ఏమిటని ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. అప్పుడు నన్నెవరూ అడగలేదు. మా ఆయన నిజామాబాద్‌లో స్నేహితుడి షోరూములో చూశాడు, కూర్చున్నాడు, మెత్తగా ఉందన్నాడు, సాయంత్రానికి ట్రాలీ ఆటోలో తెచ్చి ఇంటి ముందు దింపించాడు. నేను ధర్పల్లి నుంచి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఈ ఇంటికి పెద్ద వస్తువులన్నీ అలాగే వచ్చాయి. ఫ్రిజ్ అలాగే వచ్చింది, బీరువా అలాగే వచ్చింది. వచ్చాక తుడుచుకోవడం నా వంతు.

మాది మార్కెట్ యార్డు దగ్గర అడ్తి దుకాణం. చుట్టుపక్కల ఊళ్ల రైతులు పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి తెస్తే కొనేవాళ్లకు చూపించి, ధర మాట్లాడి, తూకం వేయించి అమ్మిపెట్టడం మా పని. మామయ్య ఉన్నన్నాళ్లూ ఆయన చేశాడు, ఇప్పుడు మా ఆయన చేస్తున్నాడు. సీజన్లో ఆయన చొక్కా పసుపు, చెప్పులు పసుపు, కనుబొమ్మలు పసుపు, జేబులో ఫోను కూడా పసుపు. అందుకే అత్తమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. దుకాణం నుంచి వచ్చినవాళ్లు పెరటి దారిన రావాలి, కాళ్లు కడుక్కోవాలి, బట్టలు మార్చుకోవాలి, ఆ తర్వాతే ముందు గదిలోకి అడుగు పెట్టాలి. మామయ్య ఆ మాట విన్నాడు. మా ఆయన విన్నాడు. కుక్క మాత్రం వినలేదు.

అది ఒక సీజన్ చివర్లో వచ్చింది. యార్డులో పసుపు కుప్ప పక్కన పడుకున్న కుక్కపిల్లను చూడక తొక్కబోయి ఆగానని మా ఆయన చెప్పాడు. స్కూటర్ మీద కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకుని తెచ్చాడు. ఒళ్లంతా పసుపు పూసుకుని, మంగళస్నానానికి కూర్చోబెట్టిన పెళ్లికూతురిలా ఉంది. అత్తమ్మ గడప దాటనివ్వలేదు.

"గిదేందిరా? కుక్కను దెచ్చినవా ఇంటికి?"

"దాని తల్లి దొర్కుతలేదమ్మా. రెండు దినాలు ఉంచుదం."

"నా దేవుని అర్ర దిక్కు వస్తె మాత్రం ఊకోను. చెప్తున్న."

నీళ్లు పోస్తే పసుపు వదిలి లోపల నుంచి బెల్లం రంగు బయటపడింది. అచ్చమైన నాటు కుక్క. మా పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో హాస్టళ్లలో ఉంటారు. వీడియో కాల్ చేసి మమ్మల్ని పలకరించకుండానే "కుక్కను చూపియ్ మమ్మీ" అనేవాళ్లు. ఇక అది ఎక్కడికీ పోలేదు. ఎవరూ పొమ్మనలేదు, అత్తమ్మ తప్ప.

పెద్దదయ్యాక అది మా ఆయన స్కూటర్ వెంట యార్డుకు పోవడం నేర్చుకుంది. అక్కడ బస్తాల మధ్య తిరిగి, పసుపులో పొర్లి, ఎండ ముదిరేసరికి ఒంటరిగా ఇంటికి వచ్చేది. పెరటి దారి దానికి నచ్చలేదు. ముందు గుమ్మంలోంచి దూసుకొచ్చి, నేరుగా సోఫా ఎక్కి, ముందు కాళ్లతో గరగరా గీరి, గుండ్రంగా తిరిగి, ఒక్క నిట్టూర్పు విడిచి పడుకునేది. పడుకున్నాక దాని ముఖంలో ఉండే నెమ్మది చూస్తే కొట్టడానికి చెయ్యి లేచేది కాదు.

మీగడ రంగు సోఫా బట్టకు పైన చిన్న చిన్న దారపు చుట్లు ఉండేవి. చూడటానికి ముచ్చటగా ఉండేవి కానీ గోరు తగిలితే దారం లేచి వచ్చేది. వానాకాలం వచ్చేసరికి సోఫా మీద గడ్డి మొలిచినట్టుంది. పసుపు మరకల మీద నేను సబ్బు నురగ రుద్దితే అవి కుంకుమ రంగుకు తిరిగాయి. ఎవరైనా వస్తున్నారంటే దుప్పటి కప్పేదాన్ని. కప్పిన సోఫా మీద కూర్చోవాలా వద్దా అని వచ్చినవాళ్లు నిలబడే ఉండేవారు.

"రెగ్జిన్ ఏపిద్దం" అన్నాడు మా ఆయన. "తుడిస్తె పోతది. పరేషాన్ ఉండదు."

మళ్లీ ఆయనే చూశాడు, ఆయనే చేయించాడు. కాఫీ రంగు రెగ్జిన్ తొడిగి వచ్చిన సోఫా కొన్నాళ్లు కొత్త కారు సీటులా మెరిసింది. పసుపు నిజంగానే తుడిస్తే పోయింది. కానీ మా వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో రెగ్జిన్ అమ్మినవాడు చెప్పడు. కూర్చున్నవాళ్లు లేస్తుంటే చేతుల చర్మం టప్‌మని ఊడినట్టు చప్పుడయ్యేది. అత్తమ్మ చీర వీపుకు అతుక్కుపోయేది. కుక్క మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు. ఎక్కడం, గీరడం, తిరగడం, పడుకోవడం. రెగ్జిన్ మీద ముందు గీతలు పడ్డాయి, తర్వాత గీతల వెంట పొర లేచింది, ఆపైన ఎండిన ఆకుల్లా పొట్టు రాలడం మొదలైంది. ఊడ్చిన కొద్దీ కాఫీ రంగు పొట్టు. ఒకరోజు అత్తమ్మ అన్నం పళ్లెంలో ఒక పొట్టు తేలింది.

ఆ పూట ఆవిడ పళ్లెం పక్కకు నెట్టి కొడుకును పిలిచింది.

"సోఫా అయినా ఉండాలె, కుక్క అయినా ఉండాలె. రెండుంటె నాతోని గాదు."

 మా ఆయన చేతులు కడుక్కుని వచ్చి నా వైపు చూడకుండా అన్నాడు. "బాల్కొండల మనకు పసుపు పంపే రైతున్నడు గదా. ఆయన చెల్కల కావలికి కుక్క గావాలంటున్నడు. గక్కడ ఇడిసిపెడ్త. చెల్క గదా, మంచిగ తిరుగుతది."

కుక్క సోఫా మీంచి తల ఎత్తి ఆయన గొంతు విని తోక ఊపింది.  ఆ కుక్క ఇంట్లోకి వచ్చాక మధ్యాహ్నాలు నాకు ఒంటరిగా గడవలేదు. నేను వంటింట్లో ఉంటే గడప మీద మూతి ఆనించి పడుకునేది, బట్టలు ఆరేస్తుంటే డాబా మీదికి వచ్చేది. పిల్లలు హాస్టల్‌కు పోయినప్పుడు ఇంట్లో పడ్డ ఖాళీని ఎవరికీ చెప్పుకోలేదు నేను. అది చెప్పకుండానే వచ్చి ఆ ఖాళీలో పడుకుంది.

"తోలకుండ్రి" అన్నాను.

"మరి సోఫా?"

"రెండుసార్లు మీరు జూసిండ్రు. ఈసారి నేను జూస్త. కుక్క ఉంటది, సోఫా ఉంటది."

"నీకేం ఎర్క సోఫా బట్టల సంగతి?"

"కుక్క సంగతి ఎర్క" అన్నాను.

అత్తమ్మ నన్ను కింది నుంచి పైకి చూసింది. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇంట్లో నా నోటి నుంచి అలాంటి మాట రాలేదేమో. "సీజన్ దాకా చూస్త" అంది. "అప్పటికి గుడ్డ ఆగకుంటె కుక్క పోవాలె." నేను సరేనన్నాను. 

మర్నాడే బస్టాండు దగ్గర కర్టెన్లు, సోఫా బట్టలు అమ్మే దుకాణానికి పోయాను. యజమాని నా తమ్ముడి వయసువాడు. మెత్తటి వెల్వెట్లు, పూల డిజైన్లు తీసి నా ముందు పరిచాడు. నేను ప్రతి బట్టనూ గోటితో గీరి చూస్తుంటే అతని ముఖం మారిపోయింది.

"అక్కా, గట్ల గీకితె ఖరాబైతది."

"ఖరాబైతదా లేదా చూడనీకెనె వచ్చిన తమ్మీ. మా ఇంట్ల కుక్కున్నది. పాత ముక్కలేమన్న ఉంటె ఇయ్యి. ఒక్కో రకం ఒక్కోటి."

అతను తటపటాయించి, లోపలి నుంచి ఒక సంచి తెచ్చాడు. అమ్మకం ఆగిపోయిన రకాల నమూనా ముక్కలు. అవి పట్టుకుని ఇంటికి వచ్చి కుట్టు మిషను మీది దుమ్ము దులిపాను. పెళ్లికి ముందు ధర్పల్లిలో నేను జాకెట్లు కుట్టేదాన్ని. ఆ ముక్కలన్నీ కలిపి బొంతలా కుట్టి, లోపల పాత దుప్పటి పెట్టి, వసారాలో కుక్క మధ్యాహ్నం పడుకునే పాత బల్ల మీద పరిచాను. ముందు గది తలుపు వేసి ఉంచితే అది బల్ల మీదికే పోయేది. నేను పక్కన చాట పెట్టుకుని బియ్యం ఏరుకుంటూ చూసేదాన్ని.

అత్తమ్మ వచ్చి నిలబడింది. "కుక్కకు బొంత గుడ్తున్నవా ఇప్పుడు?"

"అది పరీక్ష పెడ్తది అత్తమ్మా. అన్నిట్ల మీద గీకుతది. ఏది ఆగుతదో అది మనకు."

ఆవిడ పెదవి విరిచి పోయింది. కానీ మర్నాడు పూజ చేసుకుని వచ్చి బల్ల వైపు ఒకసారి తొంగి చూడటం నేను గమనించాను.

కుక్క శ్రద్ధగా పనిచేసింది. గోనెపట్టాలా ముతకగా కనిపించిన ముక్క అన్నిటికంటే గట్టిదనుకున్నాను నేను. దాని పోగుల మధ్య గోరు దూరి అది అన్నిటికంటే ముందు చీలింది. పొడుగు నూగు ఉన్న ముక్క చిరగలేదు కానీ వెంట్రుకలన్నీ పట్టుకుని చాపలా తయారైంది, దులిపినా రాలవు. పలచని నూలు ముక్కకు బొక్క పడింది. సిల్కులా మెరిసే ముక్క గీతలతో మాసిపోయింది. చివరికి మిగిలినవి రెండే. ఒకటి పొట్టి నూగు వెల్వెట్. నేను పనికిరాదనుకున్న వెల్వెట్టే గోటికి చిక్కలేదు, ఎందుకంటే అందులో చిక్కడానికి చుట్లు లేవు. రెండోది దారానికీ దారానికీ మధ్య సూది కూడా కష్టంగా దూరేంత దగ్గరగా నేసిన మందపాటి బట్ట. కాన్వాసులా ఉంటుంది కానీ చేతికి గరుకుగా తగలదు. దాని మీద వెంట్రుకలు ఆగలేదు, అరచేత్తో ఒక్కసారి తుడిస్తే ఉండగా వచ్చేశాయి.

ఇక పసుపు పరీక్ష. ఆ రెండు ముక్కల మీద తడి పసుపు ముద్ద రుద్ది ఎండనిచ్చాను. సబ్బు తీసుకుని కూర్చుంటే వెనక నుంచి అత్తమ్మ అరిచింది.

"సబ్బు పెట్టకు! ముందుగాల సబ్బు పెడ్తె ఎర్రగైతది. గంత గూడ తెల్వదా?"

కొంగు నడుముకు దోపి వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. ముందు ఉత్త నీళ్లతో పదేపదే జాడించింది. తర్వాత పిండి, "పట్టుకపోయి డాబా మీద ఎండల ఎయ్యి. పసుపుకు ఎండంటె భయం. మీ మామ ధోతులు నలబై ఏండ్లు గట్లనె ఉతికిన" అంది.

వెల్వెట్ నూగు లోపల పసుపు దాక్కుని మసక మరక మిగిలింది. గట్టి బట్ట మీద సాయంత్రానికి లేత నీడ మాత్రమే ఉంది, మర్నాటి ఎండకు అదీ పోయింది. అత్తమ్మ ముక్కను కళ్లకు దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"మరక పోయింది సరె. ఎండకు బట్ట రంగు గూడ పోతె?"

అది నాకు తట్టని సంగతి. ఇద్దరం డాబా మీదికి పోయి ఆ ముక్కను పరిచి, సగం మీద నాపరాయి పెట్టి వదిలేశాం. కొన్ని రోజుల తర్వాత రాయి తీసి చూస్తే కింది సగానికీ పై సగానికీ తేడా కనిపించలేదు.  అత్తమ్మ మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుంది. ఎప్పుడూ గోడ పట్టుకుని దిగే మనిషి.

దుకాణంలో ఆ ముక్క చూపిస్తే యజమాని తల అడ్డంగా ఊపాడు. "ఇది ఆఫీసులకు, హోటళ్లకు ఏస్తరక్కా. ఇండ్లల్ల ఎవ్వలు ఎయ్యరు. పూలుండవు, మెరుపుండదు."

"మాకు మెరుపు ఒద్దు. రంగులు జూపియ్."

రంగుల విషయంలో ఇంట్లో ఒక్క మాట మీద ఎవరూ లేరు. మా ఆయన నీలం అన్నాడు, అత్తమ్మ మెరూన్ అంది, పిల్లలు ఫోనులో బూడిద రంగు అన్నారు. నేను పర్సులోంచి ఒక కాగితం పొట్లం తీసి విప్పాను. అందులో కుక్కను దువ్వినప్పుడు వచ్చిన బొచ్చు ఉంది. చీర తీసుకుపోయి జాకెట్ ముక్కకు రంగు కలుపుకున్నట్టు, ఆ బొచ్చును ఒక్కో రంగు మీద పెట్టి చూడసాగాను. నీలం మీద పెడితే తెల్లటి బియ్యంలో మినుముల్లా కనిపించింది. మెరూన్ మీదా అంతే. యజమాని కౌంటర్ మీద మోచేతులు ఆనించి చూస్తూ నవ్వాపుకోలేకపోయాడు.

"గోడ రంగుకు మ్యాచింగ్ అడుగుతరు, కర్టెన్‌కు అడుగుతరు. కుక్కకు మ్యాచింగ్ అడిగినోళ్లను మిమ్ముల్నే జూస్తున్నక్కా."

"నవ్వు గానీ, వెలుతురు దగ్గర్కి పట్టు."

గుమ్మం దగ్గర వెలుతురులో బెల్లం రంగు బట్ట మీద బొచ్చు పెట్టగానే అది మాయమైంది. ఎక్కడ పెట్టానో నాకే తెలియక వేలితో వెతికాను. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఏ పట్టుచీర కొన్నప్పుడూ కలగలేదు.

బట్ట దొరికింది కానీ పని అంతటితో అయిపోలేదు. సోఫాలకు బట్ట తొడిగే మేస్త్రీ ఇంటికి వచ్చి కొలతలు తీసుకున్నాడు. అన్నీ పిన్నులతో బిగించి కొట్టేస్తానన్నాడు.

"పిన్నులు ఒద్దు భయ్యా. జిప్పులు పెట్టాలె. అన్ని విప్పి ఉతికేటట్టుండాలె."

"సోఫాకు జిప్పులెవరు పెడ్తరమ్మా? దిండ్లకంటే పెట్టొచ్చు. వీపుకు, చేతులకు పెడ్తె ముడతలు పడ్తయి. మంచిగ అగుపడదు. రేపు నా పేరే ఖరాబైతది."

ఎంత చెప్పినా అతను ఒప్పుకోలేదు. అతని మాటలోనూ తప్పులేదు, సోఫా నున్నగా బిగుతుగా ఉంటేనే అతనికి పేరు. నేను వాదన ఆపి ఒక ముక్క కోయించుకున్నాను. రెండు మధ్యాహ్నాలు మిషను ముందు కూర్చుని సోఫా చెయ్యికి సరిపడే తొడుగు కుట్టాను. కింద జిప్పు కాదు, నొక్కితే అతుక్కునే పట్టీ పెట్టాను. బట్ట మందానికి సూదులు విరిగాయి. లావు సూది తెప్పించి మళ్లీ మొదలుపెట్టాను. బొటనవేలు వాచింది. అత్తమ్మ వచ్చి చూసి లోపలికి పోయి, ఊడదీసిన రెగ్జిన్‌లో బాగున్న ముక్కలు తెచ్చి నా ముందు వేసింది.

"వీటిని లోపటి దిక్కు బెట్టు. నీళ్లు వడ్డా స్పంజిలకు దిగవు."

మేస్త్రీ మళ్లీ వచ్చినప్పుడు తొడుగు తొడిగి చూపించాను. అతను చుట్టూ తిరిగి చూశాడు. వేలితో మూలలు లాగాడు. పట్టీ చప్పున ఊడదీసి, మళ్లీ అతికించాడు. ముడత లేదు.

"మీరు కుట్టిండ్రా?"

"నేనె."

"అయితె మిగిలింది నేను గిట్లనె జేస్త" అన్నాడు. మూలల్లో కుట్టు ఎక్కడ రెట్టింపు వేయాలో తనే చూపించాడు కూడా.

సోఫా తయారై ముందు గదిలో చేరిన రోజు మా ఆయన చాలాసేపు తలుపు దగ్గరే నిలబడ్డాడు. "సాదాగున్నది" అన్నాడు. కుక్క ఆయన కాళ్ల మధ్య నుంచి లోపలికి దూరి, వాసన చూసి, ఎక్కింది. గరగరా గీరింది. ముగ్గురం దాని గోళ్ల వైపే చూశాం. అది తిరిగి పడుకున్నాక మా ఆయన వంగి బట్ట మీద అరచెయ్యి రాశాడు. ఒక్క పోగు లేవలేదు. పైగా కుక్క ఎక్కడ మొదలై సోఫా ఎక్కడ ముగిసిందో ఒక్కసారికి తెలియలేదు.

"అది కండ్లు తెరిస్తేనే అగుపడ్తది" అంది అత్తమ్మ. నవ్వు దాచుకోవడానికి ముఖం తిప్పుకుంది.

అసలు పరీక్ష సీజన్లో వచ్చింది. యార్డు నిండా పసుపు ఉన్న ఒక మధ్యాహ్నం, అప్పటిదాకా కాల్చేసిన ఎండ ఒక్కసారిగా మాయమై గాలి లేచింది. మా ఆయన ఫోన్ చేశాడు. గొంతు ఆదరాబాదరాగా ఉంది.

"వాన వస్తుంది. మన ఇంటెనక గోదాము తీసి పెట్టు. ట్రాలీల బస్తాలు తోలుతున్న."

నేను గోదాము తలుపులు బార్లా తెరిచేసరికి చినుకులు మొదలయ్యాయి. ట్రాలీ వెనుక ట్రాలీ వచ్చింది. హమాలీలతో పాటు రైతులు కూడా బస్తాలు మోశారు. నేనూ ఒక చెయ్యి వేశాను. కొన్ని బస్తాల మూతులు తడిశాయి కానీ చాలా మటుకు పొడిగానే లోపలికి చేరాయి. చివరి బస్తా పడ్డాక వాన కుండపోతగా మారింది. బయట కాలువ పసుపు నీళ్లతో పారింది.

రైతులు వసారాలో గోడకు ఆనుకుని నిలబడ్డారు. బాల్కొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద వయసు దంపతులు ఉన్నారు. కుక్కను పంపేద్దామనుకున్నది వాళ్ల చెలకకే. ఆవిడ చీర ఒంటికి అతుక్కుపోయి, దవడలు కొట్టుకుంటున్నాయి. చేతుల నుంచి పసుపు నీళ్లు కారుతున్నాయి. వాన జల్లు వసారాలోకి కొడుతోంది. నేను ఏదో అనబోయేంతలో అత్తమ్మ ముందు గది తలుపులు రెండూ తెరిచింది.

"లోపటికి రాండ్రి. అందరు రాండ్రి."

ఎవరూ కదల్లేదు. ఇన్నేళ్లలో రైతులు మా వసారా దాటి రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు, వాళ్ల కాళ్లకు పసుపు ఉంటుంది కాబట్టి వాళ్లే ఆగిపోయేవారు. ఆ పెద్దావిడ మొహమాటంగా లోపలికి వచ్చి గోడ పక్కన నేల మీద కూర్చోబోయింది.

"కిందెందుకు? సోఫాల కూసో."

"ఒద్దమ్మా. బట్టలన్ని పసుపు, తడి. మీ సోఫా ఖరాబైతది."

అప్పుడు అత్తమ్మ అన్న మాట మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"గీ కుక్కనె దాన్ని ఏం జెయ్యలేకపోయింది. నువ్వేం జేస్తవు వదినా? కూసో!"

గది అంతా నవ్వు. ఆవిడ కూడా వణుకుతూనే నవ్వింది. అత్తమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టి, పైన శాలువా కప్పింది. పక్కన ఆవిడ భర్త, తర్వాత మరో ఇద్దరు. చోటు చాలక కొందరు సోఫా చేతుల మీద కూర్చున్నారు. నేను పెద్ద గిన్నెలో చాయ్ పెట్టాను. పంచుతుండగా తడిసి ముద్దయిన మా ఆయన, వెనుకనే నిలువునా పసుపు బురదైన కుక్క లోపలికి వచ్చారు. అది ఒళ్లు విదిలించి గోడలకు చుక్కలు కొట్టి, రైతుల మధ్య ఖాళీ చూసుకుని ఎక్కి కూర్చుంది. ఒకాయన చేతిలో చాయ్ తొణికి సోఫా మీద పడింది. ఆయన అదిరిపడి భుజం మీది కండువాతో తుడవబోయాడు.

"ఉండనీ అన్నా" అన్నాను. "ఏం ఫికర్ లేదు."

ఆ మాట నోటి నుంచి వస్తుంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. మా ఆయన బట్టలు మార్చుకోకుండా, కాళ్లు కడుక్కోకుండా ఆ గదిలో అందరి మధ్య నిలబడి చాయ్ తాగాడు. అత్తమ్మ చూసి కూడా ఏమనలేదు. వాన ఆగేదాకా ధరల గురించి, ఊళ్ల గురించి, గల్ఫ్‌లో ఉన్న కొడుకుల గురించి మాటలు సాగాయి. ఆ పెద్దావిడ వణుకు తగ్గాక కుక్క చెవులు నిమురుతూ, "గిది చెల్కల ఎందుకుంటదమ్మా, దొరసాని అసొంటిది" అంది.

వాళ్లు వెళ్లాక సోఫాను చూసి మా ఆయన తల పట్టుకున్నాడు. పసుపు, బురద, చాయ్, కుక్క అడుగులు. నేను పట్టీలు చప్పుచప్పున ఊడదీశాను, జిప్పులు లాగాను. తొడుగులన్నీ కుప్ప పోశాను. స్పంజీలను నొక్కి చూశాడు ఆయన. పొడిగా ఉన్నాయి. లోపల రెగ్జిన్ చూసి తల్లి వైపు తిరిగాడు. "నా కోడల్ను అడుగు" అంది ఆవిడ.

మర్నాడు ఆకాశం కడిగినట్టు తేటగా ఉంది. నేను, అత్తమ్మ పెరట్లో కూర్చుని ముందు ఉత్త నీళ్లతో జాడించాం, ఆ తర్వాత డాబా మీద తీగలన్నిటి మీదా వేశాం. అవి బరువుగా ఊగుతుంటే మొదట పసుపు మరకలు పటాల్లా కనిపించాయి. పొద్దెక్కిన కొద్దీ అంచులు కరిగాయి. మధ్యాహ్నం తిరగేసి వేశాం. పక్కింటి డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ పిట్టగోడ దగ్గరికి వచ్చింది.

"గవేంటివి పిన్నీ? సోఫావా? సోఫా ఉతుకుతున్నరా?"

"ఉతుకుతున్నం" అంది అత్తమ్మ. "మా కోడలు జూసి తెచ్చింది. కుక్కతోని పరీక్ష పెట్టించి, ఎండల పరీక్ష పెట్టించి, తానే కుట్టి. ఊకెనే తెచ్చిందనుకున్నవా?"

ఆవిడ బట్ట ఏ దుకాణంలో దొరుకుతుందని అడిగింది. అత్తమ్మ దారి చెప్పి, "నీకు కుక్క లేదు గదా, పిల్లలున్నరు. ఇంక గట్టిది అడుగు" అని కూడా చెప్పింది. ఆ సీజన్ ముగిసేలోపు ఆ దుకాణం అతను నన్ను రోడ్డు మీద ఆపి, ఆఫీసు బట్టను ఇళ్లకు అడుగుతున్నారని, మళ్లీ తెప్పించానని చెప్పాడు. జిప్పుల సోఫా చేస్తానని మేస్త్రీ ఇప్పుడు తనే ముందుగా చెబుతున్నాడట.

రెండో రోజు సాయంత్రానికి తొడుగులు పెళపెళలాడుతూ ఎండిపోయాయి. మా ఆయన డాబా మీదికి వచ్చి ఒక్కోటి తీసి వెలుతురుకు పట్టి, మరక కోసం వెతికాడు. ఈ మూల చూశాడు, ఆ మూల చూశాడు. దొరకలేదు. చివరికి అన్నీ మడిచి తన భుజం మీద వేసుకున్నాడు.

"జర జెప్పు" అన్నాడు మెట్ల దగ్గర ఆగి, "గోదాముల బస్తాలకు కప్పనీకె కొత్త పట్టాలు దేవాలె. ఏది మంచిదో నువ్వొచ్చి జూస్తవా?"

"ముక్కలు తెప్పియ్యుండ్రి" అన్నాను. "చూసి చెప్త."